గ్రేసమ్మ టీచరు రాత కోసం

తిరుపతి వెళ్లి కొండెక్కకుండా తిరిగొచ్చానంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. లడ్డూ తేలేదని మా అత్తగారు రెండు రోజులు ముభావంగా ఉన్నారు. నేను తెచ్చిందల్లా కుడిచేతికి ఒక కట్టు, అట్టగొట్టంలో చుట్టిన కొన్ని బొగ్గు చిత్తులు.

ముందుగా నా పని గురించి కొంచెం చెప్పాలి. నేను శిల్పిని. మాది విజయనగరం పక్కన చిన్న ఊరు. దేవుళ్లనూ నాయకులనూ చెక్కను. మనుషుల చేతిరాతలను చెక్కుతాను. అంటే చదవడానికి వీలైన అక్షరాలు కావు. ఒక మనిషి రాతలో చెయ్యి ఎక్కడ ఆగింది, ఎక్కడ తొందరపడింది, ఎక్కడ మెత్తబడింది అన్నది పట్టుకుని ఆ వంపును రాయిలో నిలబెడతాను. ఉలి పట్టేముందు చాప అంత కాగితాల మీద బొగ్గుతో గీసి గీసి చూసుకుంటాను. వాటినే చిత్తులంటాను. చిత్తులో కుదరనిది రాయిలో ఎప్పుడూ కుదరలేదు నాకు.

సరళ అనే అమ్మాయి తిరుపతిలో నర్సు. ఏదో శిక్షణ కోసం విశాఖ వచ్చినప్పుడు అక్కడి పార్కులో నేను చేసిన రాయి చూసిందట. ఫోన్ చేసి అడిగింది.

"మాది కార్వేటినగరం పక్కన పల్లె అక్కా. మా అమ్మావాళ్లకి అచ్చరాలు నేర్పించిన గ్రేసమ్మ టీచరు పోయినేడు సచ్చిపోయింది. ఆమె పేరు మింద ఒక రాయి నిలబెట్టాలని ఆడోళ్లంతా అనుకుంటాండారు. బొమ్మ వద్దంట. ఆమె రాత కావాలంట. నువ్వొక తూరి వచ్చి సూసి పోతావా?"

వెళ్లకుండా ఎలా ఉంటాను? నా పాతికేళ్ల పనిలో ఒక మనిషి రాత కావాలని అడిగినవాళ్లు వీళ్లే మొదలు.

తిరుపతి

రైల్లో నా సంచి సీటు కింద పెట్టాను. రాత్రి ఏ స్టేషన్లోనో ఎక్కిన యాత్రికులు దాని మీద బియ్యం బస్తా వేశారు. పొద్దున తిరుపతిలో సంచి తెరిస్తే బొగ్గు పుల్లలన్నీ పొడి. నా తెల్ల చీర కూడా బొగ్గే.

ఆటోలో కూర్చోగానే డ్రైవరు నా కాగితాల గొట్టం చూశాడు. "ఏందిమా అది, విల్లా?" అన్నాడు. శిల్పినని చెప్పాను.

"ఏ సామిని జేస్తావు?"

"సామిని కాదు. అక్షరాలు చేస్తాను."

కొంచెం దూరం పోయాక, "అచ్చరాలకి కూడా పూజ జేస్తారా మీ పక్క?" అని మర్యాదగా అడిగాడు. లేదన్నాను. "చెయ్యచ్చులే," అన్నాడు, నన్ను బాధపెట్టకూడదన్నట్టు.

సరళ వాళ్లింట్లో ఇడ్లీ పెట్టింది. పక్కన శెనక్కాయల చట్నీ, అందులో వెల్లుల్లి ఘాటు. మావైపు కొబ్బరి లేకుండా చట్నీ అంటే ఇంటికి చుట్టాలొచ్చే రోజు కాదని లెక్క. ఇక్కడ శెనక్కాయ ముందు కొబ్బరిని ఎవరూ పట్టించుకోరు. తింటూ తింటూ సరళ ఒక మాట అంది.

"అక్కా, నాకొక అనుమానం. టీచరమ్మ మాకు చిన్నప్పుడు బళ్లో చెప్పింది. మంచి మనిషి. కానీ ఆమె రాత మాత్రం బాగుండదు. నల్లబల్ల మింద కోడి కెలికినట్టుంటాది. మా అమ్మావాళ్లు దాన్నే రాయిలో పెట్టమంటాండారు. ఎందుకో నాకు అర్థం కాలేదు."

నాకూ అర్థం కాలేదు. చూద్దాంలే అన్నాను. ముందు నాకు బొగ్గు కావాలి.

శ్రీకాళహస్తి

బట్టల మీద బొమ్మలు వేసేవాళ్లు అక్కడ చింతపుల్లలు కాల్చి వాడతారని సరళే చెప్పింది. మర్నాడు బస్సెక్కి వెళ్లాను. ఒక ఇంటి వసారాలో పెద్దాయన గుడ్డ పరుచుకుని కూర్చున్నాడు. చేతిలో ఉన్న బొగ్గుపుల్ల గుడ్డను తాకీ తాకనట్టు పోతోంది. నేను అరగంట నిలబడే చూశాను. చివరకు ఆయనే తలెత్తాడు.

"ఎంత బాగా గీస్తున్నారండీ," అన్నాను.

"గీసేది కాదుమా. రాసేది. మా పనికి రాతపని అని పేరు. బొమ్మని రాస్తాము."

నా పనేమిటో చెబితే ఆయనకు తిరుపతి ఆటో అతనికి కలిగిన ఇబ్బంది కలగలేదు. "నువ్వు రాతని బొమ్మ జేస్తావు, మేము బొమ్మని రాస్తాము. దావ ఒకటే," అన్నాడు. పుల్లల కట్ట ఒకటి పాత పేపర్లో చుట్టి ఇచ్చాడు. ఎంతివ్వమంటారంటే నవ్వాడు. "కాలిపోయిన పుల్లకి ధరేందిమా." వీధి చివర అంగట్లో ఇద్దరం టీ తాగాం. ఆ టీ డబ్బులు మాత్రం నన్ను ఇవ్వనిచ్చాడు.

చింతబొగ్గు నాకు కొత్త. నేను వాడే బొగ్గుకంటే గట్టిగా ఉంటుంది, తొందరగా రాలదు. గీత మొదలుపెట్టేచోట కొంచెం మొండికేస్తుంది.

పల్లె

కార్వేటినగరం దాటి కొంచెం లోపలికి పోతే మామిడితోటల మధ్య ఆ పల్లె. నేనూ సరళా బస్సు దిగేసరికి చెట్లన్నీ పూత మీద ఉన్నాయి. ఒక చిన్న చర్చి, దానికి రేకుల వసారా. గ్రేసమ్మ టీచరు పగలు బళ్లో పిల్లలకు చెప్పి, సాయంత్రం ఈ వసారాలో ఆడవాళ్లకు చెప్పేదట. చర్చికి పోయేవాళ్లూ వచ్చేవారు, పోనివాళ్లూ వచ్చేవారు. కూలి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని నేరుగా ఇక్కడే కూర్చునేవాళ్లట.

నాకోసం పదిహేడుమంది వచ్చారు. ముందు తిండి పెట్టారు. రాగిసంగటి ముద్ద, వేయించిన శెనక్కాయలు ఎండుమిరపకాయలతో రోట్లో నూరిన ఊరుబిండి. నేను అన్నంలా నమలబోతే నా పక్కనున్నామె చెయ్యి పట్టుకుని ఆపింది. "నమిలితే సంగటి కాదుమా. తుంచు, అద్దు, మింగు." మింగాను. రెండో ముద్దకు గొంతు అలవాటుపడింది.

టీచరు రాసిన కాగితం ఏదైనా ఉందా అని అడిగాను. ఒక్కటీ లేదు. ఆమె వీళ్లకు రాసి చూపించింది పలకల మీద, ఇసుకలో. ఒంటరి మనిషి. పోయాక ఆమె పెట్టె తెరిస్తే ఉన్న కాగితాలను చెదలు తినేశాయి.

"మరి నేను ఏం చూసి చెయ్యను?"

ఊరికే కూర్చోవడం దేనికని, మీ పేర్లు రాసి చూపించండి అని పెద్ద కాగితం పరిచి చింతబొగ్గు ఇచ్చాను. సుబ్బమ్మ, రాజమ్మ, లక్ష్మమ్మ, ఒకరి తర్వాత ఒకరు వంగి రాశారు. కొందరు నెమ్మదిగా, నాలుక పంటికింద పెట్టుకుని రాశారు. పదహారు పేర్లయ్యాక కాగితాన్ని గోడకు ఆనించి దూరంగా వచ్చి చూశాను.

అన్ని పేర్లూ ఎడమవైపుకు ఒరిగి ఉన్నాయి. బస్సు మలుపు తిరిగినప్పుడు జనమంతా ఒకే పక్కకు ఒరుగుతారే, అలా. పదహారు మంది చేతులు, పదహారు రకాల వణుకు, ఒరుగు మాత్రం ఒకటే. టీచరు కాగితాలను చెదలు తిన్నా ఆమె రాత ఎక్కడికీ పోలేదు. వీళ్ల చేతుల్లోనే ఉంది.

పదిహేడో మనిషి సరళ వాళ్లమ్మ మునెమ్మ. అందరికంటే ముందు అక్షరాలు నేర్చుకున్నది ఆమేనట. బొగ్గు ఆమెకు ఇవ్వబోయాను.

"నాకు కండ్లు కనపడవు మా," అంది. అద్దాలు ముక్కుమీదే ఉన్నాయి.

"అమ్మా, అద్దం పెట్టుకోనుండావు గదా," అంది సరళ.

"పెట్టుకున్యా కనపడదు," అని లేచి గిన్నెలు కడగడానికి పోయింది.

ఆ మధ్యాహ్నమంతా గీశాను. ఆ పదహారు పేర్ల ఒరుగును ఒక్క వంపులోకి తేవాలని చూశాను. ఎన్నిసార్లు గీసినా నా చేతిలో అది ఒరగడం లేదు, పడిపోతోంది. కాలు జారినట్టుగా ఉంది తప్ప ఒక మనిషి ఇష్టంగా వంగి రాసినట్టు లేదు. మునెమ్మ రెండుమూడుసార్లు వసారా దాకా వచ్చి నా చేతినే చూసి వెళ్లింది.

పుత్తూరు

మర్నాడు పొద్దున మనసు బాగోక కార్వేటినగరంలో పాత రాజుల భవనం చూద్దామని సరళతో వెళ్లాను. మిగిలిన గోడల్లో ఒకదాని మీద సున్నం పెచ్చులు రాలి భలే ఆకారాలు కనిపించాయి. తలెత్తి చూస్తూ వెనక్కి నడిచి వదులుగా ఉన్న ఇటుక మీద కాలేశాను. పడ్డది కుడిచేతి మీద. మణికట్టు కళ్లముందే ఉబ్బింది.

ఇక్కడ తల్లీకూతుళ్లకు ఫోన్లో చిన్న యుద్ధం జరిగింది. సరళ తిరుపతి ఆసుపత్రికి పోదామంటుంది. "పుత్తూరు పక్కనే పెట్టుకోని తిరుపతి దాకా ఎముకని ఊపుకుంటా పోతారా?" అని మునెమ్మ. చివరికి పుత్తూరులోనే ముందు ఎక్స్‌రే, ఆ తర్వాత కట్టు అని రాజీ కుదిరింది. ఎక్స్‌రేలో వెంట్రుకంత చీలిక కనిపించింది.

కట్టు కట్టేచోట వసారా నిండా జనం. నా పక్కన మామిడిచెట్టు మీంచి పడ్డ ఒకాయన. భుజం పట్టుకుని కూడా చుట్టుపక్కల ఎవరి తోట ఎంత పూసిందో చెబుతున్నాడు. "చెట్టు మింద కోపం లేదబ్బా. ముప్పై ఏండ్లు మోసింది నన్ను, ఒకనాడు దించేసింది," అన్నాడు. కట్టు కట్టే మనిషి నా మణికట్టును కళ్లు మూసుకుని వేళ్లతో వెతికాడు. ఆకుపసరు పూసి, వెదురుబద్దలు పెట్టి, గుడ్డ చుట్టాడు.

"ఏం పని చేస్తావు మా?"

"రాళ్లు చెక్కుతాను."

"రాయికి తొందర లేదు గదా. నెలదినాలు ఆగమను."

నవ్వు రాలేదు నాకు. ఊళ్లో పదిహేడుమంది నాకోసం పని మానుకుని వచ్చారు. వాళ్లకు ఏం చెప్పాలి?

హోటల్లో ఇడ్లీ తెప్పించుకున్నాం. చెంచా లేదన్నారు. ఎడమచేత్తో తినక తప్పలేదు. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ ముఖం తిప్పుకుని ప్లేటు తీసుకుని వేరే బల్లకు పోయింది. కాసేపటికి నా కట్టు కనబడినట్టుంది. తిరిగొచ్చి, "సూడలేదు తల్లీ, మనసులో పెట్టుకోవద్దు," అని నా సాంబారు గిన్నెలో ఇడ్లీ తనే తుంచి వేసింది. పరాయి మనిషి నాకు తినిపించినంత పని చేసిందని, సరళకు ఇంతసేపటికి నవ్వొచ్చింది.

మళ్లీ పల్లె

కాగితాలు తీసుకుని తిరుపతి పోవడానికే మళ్లీ ఆ ఊరికి వెళ్లాం. చర్చి వసారాలో అవి ఎలా పరిచానో అలాగే ఉన్నాయి. ఎగిరిపోకుండా ఎవరో రాళ్లు పెట్టారు. సరళ ఇంట్లోకి వెళ్లింది. మునెమ్మ దూరంగా కూర్చుని శెనక్కాయలు ఒలుస్తోంది.

ఏమీ తోచక ఎడమచేత్తో బొగ్గు పట్టుకున్నాను. ఎన్నడూ గీయని చెయ్యి. 'అ' రాద్దామని మొదలుపెట్టాను. చెయ్యి లోపలి నుంచి బయటికి కాక, బయట నుంచి లోపలికి వచ్చింది. గీత ఎడమవైపుకు ఒరిగింది. మళ్లీ రాశాను. మళ్లీ అదే ఒరుగు. ఆ మధ్యాహ్నమంతా నా కుడిచెయ్యి తేలేకపోయిన ఒరుగు అది. పడిపోవడం లేదు. ఆనుకుని ఉంది.

శెనక్కాయల చప్పుడు ఆగింది. తలెత్తితే మునెమ్మ నా వెనకే నిలబడి ఉంది.

"నీకెవురు చెప్పినారు?" అంది.

"ఏమని?"

"టీచరమ్మది ఎడంచెయ్యి అని."

ఎవరూ చెప్పలేదన్నాను. ఆమె కాగితం అంచున కూర్చుంది.

"సిన్నప్పుడు ఆమెకి బళ్లో ఎడంచెయ్యి నడుముకి కట్టేసి కుడిచేత్తో రాయించినారంట. ఉద్యోగంలో కూడా కుడిచేత్తోనే రాసింది. పిల్లోళ్ల ముందర, పై ఆఫీసర్ల ముందర. వంకరటింకరగా వస్తా ఉన్నింది. అందురూ నవ్వేవాళ్లు. ఈడ మా ముందర మటుకు ఎడంచేత్తో రాసేది. ఏం రాత మా అది. మల్లెపూలు కట్టినట్టుండేది."

"మీకు తప్పనిపించలేదా?"

"మొదుటి దినం అనిపించింది. సదువుని ఎడంచేత్తో ఇస్తాండాదే అనుకున్యా. లేసి పోయినాను గూడా. మళ్లా దినం ఆమే మా ఇంటికొచ్చింది. 'మునెమ్మా, నాకు బాగా వచ్చేది ఈ చెయ్యే. మీకు బాగుండేదే ఇయ్యాలని నా ఆశ' అనింది. ఇంగేం చెప్తాము? ఆ పొద్దు మేమంతా అనుకున్యాము, ఈ మాట ఈ వసారా దాటకూడదని. ఊళ్లో తెలిస్తే ఆమెని ఏమన్నా అంటారు, మమ్మల్ని పంపీకుండా చేస్తారు. ఇరవై ఏండ్లయింది. నా కూతురికి గూడా చెప్పలేదు."

అందుకే నాకు పేరు రాసివ్వలేదు. అందరికంటే ఎక్కువగా టీచరు చెయ్యి పట్టుకుని నేర్చుకున్నది ఆమె. తన రాత చూస్తే నేను పట్టేస్తానని భయం.

సరళ మా మాటలు విన్నట్టుంది. ఇంట్లోంచి వచ్చి వసారా అంచున నిలబడిపోయింది. "నేను ఆమె రాతని చూసి నవ్వినానమ్మా," అంది.

"నీకు తెలీదు గదా పాపా," అంది మునెమ్మ.

నేను చెప్పాల్సింది చెప్పాను. ఈ ఒరుగు లేకుండా రాయి చేస్తే అది టీచరు రాత కాదు. ఒరుగుతో చేస్తే ఎవరైనా ఎందుకిలా అని అడుగుతారు, అప్పుడు దాచలేరు. మీరు వద్దంటే ఈ కాగితాలు ఇక్కడే చింపేస్తాను.

మునెమ్మ లేచి ఇల్లిల్లూ తిరిగి అందరినీ పిలుచుకొచ్చింది. వసారాలో చాలాసేపు గుసగుసలాడుకున్నారు. నేనూ సరళా బయట నిలబడ్డాం. మామిడిపూత వాసన, ఎక్కడో గొర్రెల అరుపు. చివరకు మునెమ్మ వచ్చింది.

"ఆమె బతికుండంగ దాపెట్టినాము, ఆమెకి దెబ్బ తగలకూడదని. ఇప్పుడు దాపెడితే ఆమెనే దాపెట్టినట్టు గదా అంటాండాది సుబ్బమ్మ. నిజమే. పెట్టు. ఎడంపక్కకే పెట్టు."

అప్పుడు నన్ను వసారాలో కాగితం ముందు కూర్చోబెట్టి, నా వెనక మోకాళ్ల మీద కూర్చుని, నా ఎడమచేతిని తన చేత్తో పట్టుకుంది. పొలంపనితో కాయలు కాసిన చెయ్యి. "బిగబట్టొద్దు. ఇట్ట. నీ పక్కకి లాగు. ఇప్పుడు ఆగు. ఆమె ఈడ ఆగేది." ఆ సాయంత్రం నేను గీసిన చిత్తులన్నీ అలా గీసినవే. నా బతుకులో ఇంత మంచి చిత్తులు గీయలేదు. వాటిలో నేను గీసిందెంతో, మునెమ్మ గీసిందెంతో, టీచరుదెంతో నాకు తెలియదు. రాయి ఇప్పుడు మా పెరట్లో ఉంది. కట్టు విప్పాక పని మొదలుపెట్టాను. ఆ చిత్తులు గోడకు తగిలించుకుని చెక్కుతున్నాను.

బయలుదేరే ముందు ఒక్కటి అడిగాను. రాతి పీఠం మీద పేరు ఉండాలి కదా, మీలో ఎవరైనా టీచరు పేరు రాసివ్వండి, మీ రాతే చెక్కుతాను అని. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్లలో తమ పేర్లు రాశారు, మొగుళ్ల పేర్లు రాశారు, ఊరి పేరు రాశారు. ఆమెను టీచరమ్మా అనడమే తప్ప పేరు ఎవరూ ఎన్నడూ రాయలేదు.

మునెమ్మ బొగ్గు తీసుకుంది. 'గే' రాసి ఆగింది.

"దీని కింద ఏందో వస్తాది గదా మా? అది మాకు చెప్పలేదు. మా పేర్లల్లో యాడా లేదు."

నేను పక్కనున్న చిత్తు కాగితం మీద రావత్తు రాసి చూపించాను, ఎడమచేత్తోనే. అక్షరం కింద నుంచి ఎడమవైపుకు చుట్టుకునే గీత. ఆమె దాన్ని రెండుసార్లు గాలిలో రాసుకుంది. తర్వాత కాగితం మీద పెట్టింది. మిగతాది ఆగకుండా రాసింది. పేరంతా ఎడమకు ఒరిగి కూర్చుంది.

వేలు కింద పెట్టుకుని చదివింది. "గ్రే... స... మ్మ." మళ్లీ ఒకసారి, కలిపి, "గ్రేసమ్మ."

"పేరు పెట్టి పిలిచినట్టుండాది," అంది. అరచేత్తో కళ్లు తుడుచుకుంది. బొగ్గు చెయ్యి. చెంప మీద నల్లటి చార పడింది. మేమెవరమూ ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.